ఆట పుట్టకముందే ఛాంపియన్‌ని తయారుచేసిన కాలేజీ కోచ్: డేవ్ నీల్సన్

ఐడహో_అబ్బాయి

ఈ విభాగంలో నీరజ్ చోప్రా మీద లెక్కలేనన్ని థ్రెడ్లున్నాయి, జ్యోతి యర్రాజి మీద ఉన్నాయి. కోచ్‌ల మీద మాత్రం ఒక్కటీ కనపడలేదు. అందుకని డేవ్ నీల్సన్‌తో నేనే మొదలుపెడుతున్నా. పేరు వినని వాళ్లకి ఒక్క ముక్కలో: ఐడహో స్టేట్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ట్రాక్ అండ్ ఫీల్డ్ కోచ్‌గా చేశాడు. పోల్ వాల్ట్‌లో, అంటే పొడవాటి గడ ఊతంతో ఎత్తున ఉన్న బార్ దాటే ఆటలో, మహిళల మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన స్టేసీ డ్రాగిలాకి పోల్ చేతికిచ్చింది ఆయనే.

నేను మాస్టర్స్ చేసింది ఆ యూనివర్సిటీలోనే, పొకటెల్లోలో. చిన్న ఊరు, సముద్రమట్టానికి సుమారు 1,360 మీటర్ల ఎత్తు, నెలల తరబడి మంచు. అలాంటి చోట పోల్ వాల్ట్ ఏంటి అనిపిస్తుంది. కానీ క్యాంపస్‌లో 1970లో కట్టిన పెద్ద ఇండోర్ స్టేడియం ఉంది. మొదట్లో మినీడోమ్ అనేవాళ్లు, తర్వాత హోల్ట్ ఎరీనా అయింది. బయట మైనస్ పదిహేను ఉన్నా లోపల రన్‌వే మీద పరిగెత్తొచ్చు. ఈ ఆటకి గాలీ వానా చలీ మూడూ గిట్టవు కాబట్టి ఆ పైకప్పు మామూలు వరం కాదు.

ఇక స్టేసీ సంగతి. కాలిఫోర్నియాలోని ఆబర్న్ ఆమె ఊరు. చిన్నప్పుడు రోడియో పోటీల్లో మేకలకు తాడు వేసిన పిల్ల. హైస్కూల్లో హర్డిల్స్, జూనియర్ కాలేజీలో హెప్టాథ్లాన్, అంటే ఏడు ఈవెంట్ల పోటీ. ఐడహో స్టేట్ ఇచ్చింది పూర్తి స్కాలర్‌షిప్ కూడా కాదు, కొంత భాగమే. అదీ హెప్టాథ్లాన్ కోసం. నీల్సన్ స్వయంగా పాత పోల్ వాల్టర్. 1993 ప్రాంతంలో తన దగ్గరున్న అమ్మాయిలతో సరదాగా ఈ ఈవెంట్ కూడా వేయించడం మొదలుపెట్టాడు.

అప్పటికి మహిళల పోల్ వాల్ట్ ఒలింపిక్స్‌లో లేదు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో లేదు. అమెరికా కాలేజీల జాతీయ పోటీల్లోకి, అంటే ఎన్‌సీఏఏలోకి, వచ్చిందే 1998లో. స్టేసీ చదువు 1995లో అయిపోయింది. అంటే ప్రపంచాన్ని గెలిచిన ఈ అమ్మాయికి కాలేజీ ఛాంపియన్ అయ్యే అవకాశమే రాలేదు!

తర్వాతిదంతా రికార్డు పుస్తకాల్లో ఉంది. 1997 పారిస్‌లో మహిళలకు మొదటిసారి ప్రపంచ ఇండోర్ పోల్ వాల్ట్ పెట్టారు, 4.40 మీటర్లతో ఈమే గెలిచింది. 1999 సెవిల్‌లో మొదటి అవుట్‌డోర్ ప్రపంచ టైటిల్, 4.60. 2000 సిడ్నీలో మొదటి ఒలింపిక్ స్వర్ణం, మళ్లీ 4.60. మూడు పోటీలు, మూడూ మొదటిసారి జరిగినవే, మూడింట్లోనూ విజేత ఒకరే. 2001 ఏప్రిల్ 27న పొకటెల్లోలోనే 4.70 దూకి ప్రపంచ రికార్డు కొట్టింది.

నా ఉద్దేశంలో నీల్సన్ గొప్పతనం పతకం తెప్పించడం కాదు. పతకమే లేని ఆటని నాలుగైదేళ్ల ముందే నేర్పడం. మీరేమంటారు?

---

సీమ_మిరప

మా డిగ్రీ కాలేజీలో పీడీ సార్ చేతిలో విజిల్, క్యారమ్స్ రూమ్ తాళంచెవి తప్ప మూడో వస్తువు చూడలేదు నేను. పోల్ అంటే వాలీబాల్ నెట్ కట్టేదే.

పోస్టు బాగుంది అన్నా. తీరిగ్గా ఇంకోసారి చదవాలి.

---

లెక్కల_మాస్టారు

పోస్టు బాగుంది కానీ, కోచ్‌ని కొంచెం ఎక్కువ ఎత్తేశారనిపిస్తోంది.

కొత్త ఈవెంట్‌లో పోటీ పలచగా ఉంటుంది. 2000లో 4.60కి ఒలింపిక్ స్వర్ణం వచ్చింది. 2005 జులైలో లండన్‌లో రష్యా వాల్టర్ ఇసిన్బయేవా 5 మీటర్లు దాటింది. 2009లో జూరిక్‌లో 5.06. అయిదేళ్లలో స్వర్ణం ఎత్తుకీ ప్రపంచ రికార్డుకీ మధ్య 40 సెంటీమీటర్లు తేడా వచ్చేసింది. ఎదిగిన ఆటలో ఇలా జరగదు. మగవాళ్లలో బుబ్కా 6 మీటర్లు దాటింది 1985లో, డుప్లాంటిస్ టోక్యోలో 6.30 దాటింది 2025లో. 30 సెంటీమీటర్లకి నలభై ఏళ్లు.

కాబట్టి అప్పుడు ఎవరు ముందు మొదలుపెడితే వాళ్లే గెలిచేవాళ్లు. స్టేసీ ముందు మొదలుపెట్టింది, ఆమె కోచ్‌కి పేరొచ్చింది. ఇందులో కాలం కలిసి రావడం ఎంత, కోచింగ్ ఎంత?

---

ఐడహో_అబ్బాయి

మాస్టారూ, లెక్క కరెక్టే. "ఎవరు ముందు మొదలుపెడితే వాళ్లే" అన్నారు చూశారా, అక్కడే నా పాయింటంతా ఉంది. మిగతావాళ్లు ఎందుకు మొదలుపెట్టలేదు?

అమెరికాలో కాలేజీ కోచ్ ఉద్యోగం పాయింట్ల మీద నడుస్తుంది. కాన్ఫరెన్స్ మీట్‌లో, అంటే కొన్ని కాలేజీలు కలిసి నడిపే లీగ్ పోటీల్లో, ఫస్టొస్తే 10, సెకండొస్తే 8, ఇలా కలిపితే టీమ్ స్కోరు. ఆ స్కోరు బాగుంటేనే కోచ్ కాంట్రాక్టు నిలుస్తుంది. స్కాలర్‌షిప్పులకీ పరిమితి ఉండేది. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో మహిళల జట్టు మొత్తానికి 18, మగవాళ్లకి 12.6. ముక్కలు చేసి పంచుకోవాల్సిందే. స్టేసీకి సగం సగం స్కాలర్‌షిప్ ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమవుతుంది.

ఈ పరిస్థితిలో ఏ కోచ్ అయినా జాతీయ స్థాయిలో ఒక్క పాయింటూ రాని ఈవెంట్ మీద సాయంత్రాలు ఖర్చుపెడతాడా? అదీ తనకి హర్డిల్స్‌లో, హెప్టాథ్లాన్‌లో పాయింట్లు తెచ్చే అమ్మాయి మీద? చేయి విరిగితే సీజన్ పోతుంది, అడిగేది కోచ్‌నే. 1993లో ఇదంతా తెలిసీ చేయించాడంటే అది ధైర్యం అంటాను.

అప్పట్లో ఆడవాళ్లకి భుజబలం చాలదు, ఈ ఆట వాళ్లది కాదు అనే మాట అథ్లెటిక్స్‌లో బాగా నడిచేది. మీకు తెలియంది కాదు.

---

కాకినాడ_కాజా

నమస్తే అండి, ఇక్కడ మొదటిసారి రాస్తున్నా. మేముండేది డాలస్ దగ్గర. మా అమ్మాయి నైన్త్ గ్రేడ్, జిమ్నాస్టిక్స్ మానేసి ఇప్పుడు స్కూల్ ట్రాక్ టీమ్‌లో పోల్ వాల్ట్ అంటోంది. వాళ్ల నాన్నకి ఇష్టమే, నాకే టెన్షన్. ఒకసారి ప్రాక్టీస్ చూడ్డానికెళ్లి సగంలో వచ్చేశాను.

మీ చర్చలో అడ్డొస్తున్నానేమో. అసలు ఈ ఆటలో కోచ్ అనే ఆయన ఏం చేస్తాడు? వీళ్ల కోచ్ పిట్ పక్కన, అదే పిల్లలు పడే మెత్తటి పరుపు పక్కన, నిలబడి పిల్లల కాళ్ల వైపే చూస్తుంటాడు. పైకి చూడడే! ఒకాయన్ని నమ్మి పిల్లని పదడుగుల పైకి పంపాలంటే ఆయన దగ్గర ఏం చూడాలి మేము?

---

గచ్చిబౌలి_గ్రౌండ్

అక్కా, పైకి చూడకుండా కాళ్లే చూస్తున్నాడంటే మంచి కోచే అన్నమాట :) వివరంగా చెప్తాను. నేను పాత డెకాథ్లాన్ వాణ్ని, ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకి జంప్స్ నేర్పుతున్నా.

పోల్ వాల్ట్‌లో బార్ దగ్గర జరిగేదంతా ఫలితమే. తప్పొప్పులన్నీ అంతకుముందే, నేల మీదే అయిపోతాయి. టేకాఫ్ తీసుకునే కాలు పైచేతికి సూటిగా కింద పడాలి. దాటి ముందుకొచ్చి పడితే పోల్ భుజాన్ని వెనక్కి గుంజేస్తుంది, మనిషి బార్ దాకా పోకుండా మధ్యలోనే వేలాడతాడు. అందుకే రన్‌వే పక్కన ఒక గుర్తు పెట్టుకుంటారు, టేకాఫ్‌కి ఆరు అంగల ముందు కాలు ఎక్కడ పడాలో తెలియడానికి. మీ కోచ్ చూస్తున్నది ఆ గుర్తునే. అక్కడ కాలు అరడుగు తేడాగా పడిందంటే ఆ జంప్ ఏమవుతుందో పిల్ల ఎగరకముందే ఆయనకి తెలిసిపోతుంది.

రెండోది పోల్ ఎంపిక. బయటివాళ్లకి కనపడని విద్య ఇదే. ప్రతి పోల్ మీద పొడవు, ఎంత బరువు మనిషికి అనేది పౌండ్లలో రాసి ఉంటుంది. దాంతోపాటు ఫ్లెక్స్ నంబర్ ఒకటుంటుంది: పోల్‌ని రెండు చివర్లా ఆనించి మధ్యలో ఒక నిర్ణీత బరువు వేలాడదీస్తే ఎన్ని సెంటీమీటర్లు వంగిందో ఆ అంకె. అంకె తగ్గితే పోల్ గట్టిది. అమ్మాయి వేగంగా వచ్చి బార్ దాటి పిట్ చివర పడుతుంటే ఇంకొంచెం గట్టి పోల్ ఇవ్వాలి, లేదా బార్ స్టాండ్లు వెనక్కి జరపాలి. 80 సెంటీమీటర్ల దాకా జరుపుకోవచ్చు. ముందుకు పోలేక రన్‌వే వైపే వెనక్కి పడుతోందంటే మెత్తటి పోల్ ఇవ్వాలి, లేదా పట్టు కిందికి దించాలి. ఎదురుగాలి ఉన్న రోజు లెక్క మొత్తం మారుతుంది. మీట్‌లో ఇదంతా ఒక నిమిషంలో తేల్చి చెప్పాలి. అందుకే కాలేజీ జట్లకి ఒక పోల్ చాలదు, వరుసగా కొద్ది కొద్ది తేడాతో సెట్టు ఉండాలి.

వెనక్కి పడటం అన్నాను కదా, భయపడాల్సింది దానికే. బాక్స్ అంటే పోల్ గుచ్చే గుంట, చివర 20 సెంటీమీటర్ల లోతుంటుంది. దాని మీద పడితే ప్రమాదం. 2002లో అమెరికాలో ముగ్గురు కుర్ర వాల్టర్లు చనిపోయారు. అందులో ఒకరు పెన్ స్టేట్ విద్యార్థి, బిగ్ టెన్ అనే కాలేజీల లీగ్ ఇండోర్ పోటీల్లో జరిగింది. ఆ తర్వాతే అక్కడ పిట్ కొలతలు పెంచారు, బాక్స్ చుట్టూ మెత్తటి కాలర్ వచ్చింది. మీరు దాచకుండా ఇవన్నీ అడగండి: కాలర్ ఉందా, పిట్ ముక్కల మధ్య సందులున్నాయా, బరువుకి తగ్గ పోల్ ఇస్తున్నారా, మొదటి వారాల్లోనే పూర్తి రన్-అప్ చేయిస్తున్నారా. ఈ చివరిదానికి అవును అంటే మాత్రం ఒప్పుకోకండి. కొత్తవాళ్లతో మూడు నాలుగు అంగల రన్-అప్‌తో ఇసుకలో దూకించి, పట్టు మెల్లగా పెంచుకుంటూ రావాలి. పిల్ల రేపే పైకి పోవాలంటుంది. ఇవాళ ఇంతే అని చెప్పగలిగినవాడే కోచ్.

జిమ్నాస్టిక్స్ నుంచి వచ్చిందంటున్నారు, ఇంకేం! రష్యా వాల్టర్లు ఇసిన్బయేవా, ఫియోఫనోవా ఇద్దరూ పాత జిమ్నాస్టులే. గాల్లో తలకిందులైతే కంగారుపడకపోవడమే ఈ ఆటలో సగం.

---

కాకినాడ_కాజా

చాలా థ్యాంక్స్ తమ్ముడూ. ప్రింట్ తీసి మా వారికి ఇచ్చాను. మూడు అంగల రన్-అప్‌తోనే చేయిస్తున్నారట, కొంచెం ఊపిరి పీల్చుకున్నా.

---

సీమ_మిరప

డెకాథ్లాన్ అన్నా, మన దగ్గర పోల్ ఎక్కడ దొరికింది నీకు? ముందది చెప్పు.

---

గచ్చిబౌలి_గ్రౌండ్

దొరికిందంటే దొరికింది. నేనున్న హాస్టల్లో ఒకటే పోల్. ఎవరి బరువుకి కొన్నారో తెలీదు, అందరం దాంతోనే. నాకు బాగా గట్టిది, అస్సలు వంగేది కాదు. నిజానికి మన దగ్గర కాలేజీ కుర్రాళ్లలో చాలామందికి ఈ పోల్ పరిచయమయ్యేది డెకాథ్లాన్ పుణ్యాన్నే. పది ఈవెంట్లలో ఇదొకటి కాబట్టి తప్పదు. మా సార్ మంచాయన, పుస్తకంలో బొమ్మలు చూపించి నేర్పారు. ఆయన్ని తప్పుపట్టను. నేర్పేవాళ్లకే నేర్పినవాళ్లు లేరు.

---

పాతపేపర్లు

కాలేజీ కోచ్ అన్నారు కాబట్టి నాకిష్టమైన పేరు ఒకటి చెప్పకపోతే నిద్రపట్టదు: కోర్నీలియస్ వార్మర్‌డామ్. డచ్ నుంచి వలసొచ్చిన రైతు కుటుంబం, కాలిఫోర్నియాలో హాన్‌ఫర్డ్ దగ్గర పొలం. 1940 ఏప్రిల్ 13న బర్కిలీలో 15 అడుగులు, అంటే 4.57 మీటర్లు, దాటిన మొదటి మనిషి. వెదురు గడతో! ఆ తర్వాత కొన్నేళ్లలో 43 సార్లు ఆ ఎత్తు దాటాడు. అంతకాలమూ ప్రపంచంలో ఇంకొకరెవరూ ఒక్కసారి కూడా దాటలేదు. 1942లో మోడెస్టోలో 4.77 దూకితే ఆ రికార్డు 1957 దాకా చెక్కుచెదరలేదు.

ఒలింపిక్ పతకం మాత్రం లేదు. 1940, 1944 ఒలింపిక్స్ రెండూ యుద్ధం వల్ల రద్దయ్యాయి. తర్వాత తను చదివిన ఫ్రెస్నో స్టేట్‌లోనే కోచ్‌గా చేరాడు. 1947 నుంచి 1980 వరకు అక్కడే. మొదట్లో బాస్కెట్‌బాల్ కూడా నేర్పాడు. 1964లో ఆయన ట్రాక్ జట్టు ఎన్‌సీఏఏ కాలేజీ డివిజన్ టైటిల్ గెలిచింది. ఆ యూనివర్సిటీ ట్రాక్‌కి ఇప్పుడు ఆయన పేరే. 2001లో 86 ఏళ్ల వయసులో పోయాడు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఇది. ఆయన కోచ్‌గా ఉన్న మధ్యలోనే ఫైబర్‌గ్లాస్ పోల్ వచ్చింది. 1961లో జార్జ్ డేవీస్ ఫైబర్‌గ్లాస్‌తో మొదటి ప్రపంచ రికార్డు కొట్టాడు, 4.83. వెదురు, లోహం గడలు పెద్దగా వంగవు. వాటి మీద చేతుల బలంతో, ఊపుతో పైకి లాక్కోవాలి. ఫైబర్‌గ్లాస్ అయితే పరుగు వేగాన్ని వంపులో దాచుకుని తిరిగి మనిషిని విసురుతుంది. అంతవరకు ఓపిక పట్టి వేలాడాలి. ప్రపంచంలో ఎవరికీ రానంత బాగా తనకొచ్చిన విద్య ఒక్కసారిగా పాతబడిపోతే, తను ఎప్పుడూ వాడని పోల్‌తో దూకే పిల్లలకి ఏళ్లపాటు కోచ్‌గా ఉండటం! ఇందులో ఒక పెద్దరికం ఉంది. మన దగ్గర పాత ఆటగాళ్లు "మా రోజుల్లో" అని మొదలుపెడితే ఆపరు.

---

లెక్కల_మాస్టారు

పాతపేపర్లు గారూ, మంచి సంగతి చెప్పారు. దాని మీద నా వంతు లెక్క.

1937లో మగవాళ్ల ప్రపంచ రికార్డు 4.54. సిడ్నీలో స్టేసీ గెలిచిన ఎత్తు 4.60. ఆమె జీవితంలో అత్యుత్తమం 2004లో ఒస్ట్రావాలో 4.83, డేవీస్ 1961 రికార్డుతో సరిసమానం. పోల్ మారింది కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, నిజమే. కానీ "ఆడవాళ్లకి భుజబలం చాలదు" అన్న పెద్దమనుషులకి జవాబు ఇందులోనే ఉంది. వంగే పోల్ వచ్చాక ఇది భుజాల ఆట కన్నా వేగం ఆట అయింది.

సెకనుకి 10 మీటర్ల వేగంతో పరిగెత్తేవాడి గమనశక్తి మొత్తం ఎత్తుగా మారితే 5.1 మీటర్లు. నిలబడి ఉన్నప్పుడే శరీర గరిమనాభి మీటరు ఎత్తులో ఉంటుంది, కలిపితే 6.1. సెకనుకి 8.5 మీటర్లయితే 3.7, దానికి మీటరు కలిపితే 4.7. మధ్యలో కొంత శక్తి నష్టం, చివర్లో చేతులతో నెట్టుకోవడం వల్ల కొంత లాభం. చూడండి, సిడ్నీ ఎత్తు దగ్గరికే వచ్చింది. హర్డిల్స్ పరిగెత్తే అమ్మాయి చేతికి పోల్ ఇవ్వాలన్న ఆలోచన ఎక్కడిదో ఇప్పుడు నాకూ అర్థమవుతోంది. సిడ్నీలో రజతం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి గ్రిగోరియెవా కూడా పాత హర్డ్లరే.

నీల్సన్‌కి నా నుంచి సగం మార్కులు ఇచ్చేశాను. మిగతా సగానికి ఒక అడ్డుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నాటికి స్టేసీ ఆయన దగ్గర లేదు, అరిజోనాలో గ్రెగ్ హల్ దగ్గర శిక్షణ తీసుకుంటోంది. ఒస్ట్రావా 4.83 ఆ కాలంలోదే. శిష్యురాలే వెళ్లిపోతే?

---

ఐడహో_అబ్బాయి

వెళ్లడాన్ని తప్పుగా ఎందుకు చూడాలి మాస్టారూ? సిడ్నీలో మగవాళ్ల స్వర్ణం గెలిచిన నిక్ హైసాంగ్‌కి కోచ్ ఆ గ్రెగ్ హల్లే. ఒకే ఒలింపిక్స్‌లో ఆడా మగా ఇద్దరు విజేతల వెనకా ఇద్దరు కాలేజీ కోచ్‌లు. తర్వాత ఆ ఇద్దరి పని ఒక అమ్మాయిలో కలిసింది. పైగా ఏథెన్స్‌లో ఆమె ఫైనల్‌కి కూడా చేరలేదు. ఆ లెక్కన హల్‌కి మార్కులు తీసేస్తామా?

2001 జూన్‌లో పాలో ఆల్టోలో ఒక్కరోజే రెండుసార్లు ప్రపంచ రికార్డు పెంచింది, 4.71 ఒకసారి, వెంటనే 4.81. అదే ఏడాది ఎడ్మంటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫియోఫనోవా, స్టేసీ ఇద్దరూ 4.75 దగ్గర ఆగితే, తక్కువ తప్పులతో స్టేసీ గెలిచింది. అంటే ఆటలోకి జిమ్నాస్టులు వచ్చేశాక కూడా, పోటీ చిక్కబడ్డాక కూడా గెలిచింది. పోటీ పలచన అనే వాదన 2001కి పనికిరాదు.

ఇంకొకటి. 1995లో కాలేజీ అయిపోయాక చాలామంది అథ్లెట్లు ఆట మానేసి ఉద్యోగం చూసుకుంటారు. ఈమె అక్కడే పీజీ చేస్తూ, అసిస్టెంట్ కోచ్‌గా ఉంటూ సాధన కొనసాగించింది. ఒలింపిక్స్‌లో ఉంటుందో లేదో తెలియని ఆట కోసం ఒక మనిషి ఊళ్లో ఆగిపోవాలంటే తిండికీ ఉండటానికీ ఏదో ఒక దారి ఉండాలి. ఆ దారి కాలేజీలోనే ఉంది. కోచ్ పనిలో టెక్నిక్ ఒక వంతయితే ఇది ఇంకో వంతు.

---

పాతపేపర్లు

టెనసీ జిమ్ బెమిల్లర్‌ని మర్చిపోయారు. సిడ్నీలో రజతం గెలిచిన లారెన్స్ జాన్సన్, ఏథెన్స్‌లో 5.95తో ఒలింపిక్ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచిన టిమ్ మ్యాక్, ఇద్దరికీ ఈయనే కోచ్. వృత్తిరీత్యా లాయరు, యూనివర్సిటీలో స్పోర్ట్స్ లా పాఠాలు చెప్పే ప్రొఫెసరు. మన దగ్గర ప్రొఫెసర్ గ్రౌండ్‌లో కనపడితే వాకింగ్‌కి వచ్చారనుకుంటాం.

---

సీమ_మిరప

😂😂

అది సరే, క్రికెట్లో ఒక్క సిక్సర్ కొట్టినోడికి కోట్లు. వీళ్లకేమో

---

నిర్వాహకుడు

క్రికెట్ వద్దు మిరప గారూ. ఆ చర్చ మొదలైతే ఎలా ముగుస్తుందో పోయిన నెలే చూశాం. థ్రెడ్ బాగా నడుస్తోంది, అలాగే పోనివ్వండి.

---

ఉక్కునగరం

నిన్నటి నుంచి చదువుతున్నా. ఎవరూ మనవైపు రాలేదేంటి?

మన దేశంలో పోల్ వాల్ట్ అంటే తమిళనాడు. మహిళల్లో వి.ఎస్. సురేఖ 2014లో 4.15 జాతీయ రికార్డు, దాన్ని 2022లో దాటింది రోసీ మీనా. ఇద్దరిదీ ఆ రాష్ట్రమే. మగవాళ్లలో 2022 గాంధీనగర్ జాతీయ క్రీడల్లో 5.31 దూకిన శివ కూడా అక్కడివాడే. 2025లో డెహ్రాడూన్‌లో మధ్యప్రదేశ్ కుర్రాడు దేవ్ మీనా 5.32తో దాన్ని దాటాడు. తెలుగు పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం. మనకి వేగం లేదా? వంద మీటర్ల హర్డిల్స్‌లో మా వైజాగ్ జ్యోతి ఆసియా ఛాంపియన్. హెప్టాథ్లాన్‌లో తెలంగాణ అమ్మాయి అగసర నందిని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది. స్టేసీ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రెండు ఈవెంట్లే కదా!

వాళ్లని ఇప్పుడు పోల్ వాల్ట్‌కి మార్చమని కాదు నేననేది. వాళ్ల వెనక నాలుగో స్థానంలో, అయిదో స్థానంలో ఆగిపోయే అమ్మాయిలుంటారు. రాష్ట్ర మీట్‌లో పతకం రాక, పెళ్లి సంబంధాలు మొదలై ఆట మానేసేవాళ్లు. వాళ్లలో ఒకర్ని పిలిచి "అమ్మాయ్, ఇది పట్టుకుని చూడు" అనే సార్ ఉన్నారా? స్టేసీ కూడా కాలేజీలో చేరినప్పుడు దేశంలో పేరున్న అథ్లెట్ కాదు, సగం స్కాలర్‌షిప్ పిల్ల.

---

గచ్చిబౌలి_గ్రౌండ్

ఉక్కునగరం అన్నా, మంచి ప్రశ్న, కానీ సార్ ఒక్కడే చాలడు. మంచి పోల్స్ దిగుమతి చేసుకోవాలి. అమెరికాలో నెవాడా లాంటి చోట తయారవుతాయి, ఓడలోనో విమానంలోనో రావాలి. నాలుగైదు మీటర్ల గొట్టం, మడిచేది కాదు. ఇక్కడికొచ్చాక రైల్లో మీట్‌కి తీసుకెళ్లడం ఇంకో ప్రహసనం, టీసీతో గొడవపడని వాల్టర్ దేశంలో ఉండడు. ఆపై పిట్ ఒకచోట పెట్టాక ఎండకీ వానకీ రెండేళ్లలో చివికిపోతుంది, పైన కప్పే షీటు కూడా కొనరు. తమిళనాడులో వాల్టర్ల వెనక వాల్టర్లు ఉన్నారు. పాతవాళ్లు కొత్తవాళ్లకి పోల్స్ ఇస్తారు, పట్టు నేర్పుతారు. ఒకసారి ఆ గొలుసు మొదలైతే తర్వాత నడుస్తుంది. మన దగ్గర మొదటి లింకు పడలేదు.

అయినా మీరన్న దాంట్లో ఒకటి నేను రేపే చేయగలను. హర్డిల్స్ అమ్మాయిలు నా దగ్గర అయిదారుగురు ఉన్నారు. లాంగ్‌జంప్ ఇసుక గుంట ఉంది. మూడు అంగల రన్-అప్‌కి ఫైబర్‌గ్లాస్ అక్కర్లేదు, తేలికపాటి వంగని గడ చాలు. పట్టు తలపైన ఒక జానెడు, ఇసుకలో దూకడమే. బార్ కూడా వద్దు మొదట్లో. ఎవరికి గాల్లో భయం లేదో వారం రోజుల్లో తెలిసిపోతుంది.

---

లెక్కల_మాస్టారు

వెదురు మాత్రం వాడకండి బాబూ, చీలితే చేతుల్లో దిగుతుంది. వార్మర్‌డామ్ కాలం వేరు.

---

గచ్చిబౌలి_గ్రౌండ్

లేదు మాస్టారూ, అల్యూమినియం గొట్టం చూస్తున్నా. చివర రబ్బరు బుడిపె కూడా వేయిస్తా.

---

ఐడహో_అబ్బాయి

గచ్చిబౌలి బ్రో, ఏటా జనవరిలో నెవాడాలోని రినోలో పోల్ వాల్ట్ సమ్మిట్ జరుగుతుంది. కోచ్‌లు, ఒలింపిక్ విజేతలు, హైస్కూల్ పిల్లలు అందరూ ఒకే చోట. ఈసారి వెళ్లే ఆలోచన ఉంది. కొత్తవాళ్లకి ఎలా మొదలుపెట్టిస్తారో అక్కడ ఎవరైనా చూపిస్తే వీడియో తీసి పంపిస్తా. నీకు ఏ డ్రిల్స్ కావాలో ముందే రాసి పెట్టు.

---

కాకినాడ_కాజా

వీడియో నాకూ పంపండి. మా అమ్మాయి ఈ థ్రెడ్ గురించి విని, స్టేసీ డ్రాగిలా సిడ్నీ ఫైనల్ వెతుక్కుని చూసింది. తెలుగు చదవడం రాదు దానికి, గచ్చిబౌలి తమ్ముడు రాసిందంతా నేనే చదివి వినిపించాల్సొచ్చింది. ఫ్లెక్స్ నంబర్ దగ్గర నాకే అర్థంకాక ఆగితే అదే నాకు చెప్పింది!

---

పాతపేపర్లు

ఇసిన్బయేవాని పదిహేనేళ్ల వయసులో, జిమ్నాస్టిక్స్‌కి పొడవైపోయావని పక్కన పెట్టినప్పుడు చేరదీసిన ట్రోఫిమోవ్ మీద విడిగా థ్రెడ్ వేస్తున్నా. ఆమె ఆయన్ని వదిలి బుబ్కా కోచ్ పెత్రోవ్ దగ్గరికి వెళ్లడం, మళ్లీ వోల్గోగ్రాడ్‌కి తిరిగిరావడం అదంతా పెద్ద కథ. మాస్టారూ, "శిష్యురాలే వెళ్లిపోతే" అన్నారు కదా, అక్కడికొచ్చి వాదించండి.

---

లెక్కల_మాస్టారు

వస్తున్నా. టీ తాగి.